ఇరుసుకు పూత

జింపీ ఊరి చివర, రైలుకట్ట పక్కన
డెస్మండ్ షెడ్డులో
నా పాత బండి వెనక ఇరుసు
రెండు మొద్దుల మీద పడుకుని ఉంది
ఆపరేషన్‌కి ముందు బట్టలిప్పిన మనిషిలా.
ఇసుక కొట్టి తుప్పంతా రాల్చాక
ఒట్టి బూడిదరంగు లోహం, ఎటు చూడాలో తెలియనట్టు.
"తొందరగా తేల్చుకో" అన్నాడు డెస్మండ్.
"గాలిలో తేమ ఉంది. పొద్దుగూకేసరికి మళ్ళీ ఎర్రబడుతుంది."

ఐదేళ్ళు రెయిన్‌బో బీచి మీద తిప్పాను దీన్ని.
అల వెనక్కి తగ్గిన గట్టి ఇసుక మీద
పోటు రాకముందే దాటాలని పరుగు,
చక్రాలు చిమ్మిన ఉప్పునీరు అడుగంతా.
ఇంటికొచ్చి పైపు పట్టి కడిగింది మాత్రం
అద్దాలూ, తలుపులూ, నలుగురూ చూసే చోట్లే.
ఉప్పు తిన్న విశ్వాసం
మనుషుల సంగతేమో గాని
ఇనుముకు లేదు.

గోడకి నమూనా ముక్కలు వేలాడుతున్నాయి.
మొదటిది పొడి రంగు, బట్టీలో కాల్చి కరిగించింది.
నల్లగా, కొత్త పెళ్ళికొడుకు బూటులా మెరుస్తోంది.
డెస్మండ్ తాళంచెవితో అంచు గీరాడు.
పెచ్చు లేచింది. కింద
ఎప్పట్నుంచో కాపురమున్న ఎర్రపొడి.
ఒక్క రాయి తగిలితే చాలట,
ఆ గాటులోంచి నీరు దూరి
పైపొర నవ్వు చెదరకుండా
లోపల్లోపలే కొరుక్కు తింటుందట.
పైన పటారం, లోన లొటారం.
"అందంగా ఉంది" అన్నాను.
"అదే దాని జబ్బు" అన్నాడు.

రెండోది కరిగిన జింకులో ముంచి తీసింది.
గీత పడ్డా భయం లేదు.
చుట్టుపక్కల జింకు తాను ముందు అరిగిపోతూ
ఇనుముని కాస్తుంది,
జామీను సంతకం పెట్టిన పాపానికి
ఎవడి అప్పో తను కట్టే పెద్దమనిషిలా.
నాకది నచ్చింది.
కానీ ఆ వేడికి పొడవాటి ఇరుసు వంగొచ్చు.
బేరింగు కూర్చునే చోట వెంట్రుకవాసి లావెక్కినా
చక్రం ఒప్పుకోదు.
"పట్టీలకీ బోల్టులకీ సరే. దీనికొద్దు."

ఇక ఎపాక్సీ. రెండు డబ్బాలు కలపాలి,
మూడో డబ్బా ఓపిక, అది షాపులో దొరకదు.

"ఏది వేస్తే
ఇక మళ్ళీ కిందికి వంగి చూడక్కర్లేదు?"
అడిగేశాను.
డెస్మండ్ నవ్వలేదు. రేడియో తగ్గించాడు.
ఇరుసు వీపు మీద చిటికెనవేలంత గొట్టం చూపించాడు,
ఊపిరి గొట్టం, బురదతో పూడిపోయి.
పరుగెత్తి కాగిన ఇరుసు
చల్లటి వాగులో దిగితే
లోపలి గాలి ముడుచుకుంటుందట.
ఊపిరందక
సీళ్ళ సందుల్లోంచి గుక్కెడు నీళ్ళు మింగుతుందట.
నేను బయట ఏ రంగు వేయాలా అని
మూడు వారాలు రాత్రుళ్ళు కూర్చుని చదివాను.

జింకు కలిపిన అడుగుపూత, దాని మీద ఎపాక్సీ,
ఊపిరి గొట్టం ఇంజను గది దాకా పొడిగింపు.
మూడు రోజులు ఆరనిచ్చాక
బెంచీ కింద నుంచి సొట్టపడ్డ డబ్బా తీశాడు.
గొర్రెబొచ్చులోంచి పిండిన కొవ్వు.
సముద్రానికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ పూయాలి,
కడిగి, ఆరబెట్టి, పడుకుని, వెల్లకిలా.
మూత తీశాడు.

తడిసిన గొంగడి!
మా పెద్దనాన్న కొమరయ్య, చేలగట్టు, జడివాన,
ఆయన చంకలో నేను దూరిన ఆ బరువైన చీకటి.
చుక్కలు బొచ్చు మీదే నిలబడి
ఆలోచించుకుని, జారిపోయేవి.
నీళ్ళెందుకు లోపలికి రావని ఆయన్ని అడగలేదు.
గొర్రె ఇచ్చిన పూత అదని
ఇక్కడ, ఈ గ్రీజు మరకల నేల మీద తెలిసింది.

మోచేతుల దాకా జిడ్డుతో పూస్తూ ఉన్నాం.
మూల నిద్రపోతున్న బిడ్డీ,
గొర్రెలు కాసి కాసి రిటైరైన డెస్మండ్ కుక్క,
ముక్కు పైకెత్తింది.
కుంటుతూ వచ్చి
ఇరుసు చుట్టూ ఒక చుట్టు తిరిగింది, లెక్క చూసుకున్నట్టు.
ఒక్కటే ఉందేమని మా ఇద్దరి వైపూ అనుమానంగా చూసి
మిగతావి వచ్చేదాకా
తలుపుకి అడ్డంగా పడుకుంది.